టెంప్లేట్ క్యాష్ వల్ల ఒకరి వివరాలు మరొకరికి కనబడుతుంటే: ఆపడం, వెతకడం, సరిచెయ్యడం

"పేజీ త్వరగా తెరుచుకోవాలని క్యాష్ పెట్టాం. ఇప్పుడు ఒకరి పేరు మరొకరికి కనబడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" విశాఖపట్నంలో మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్ల నుంచి ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే వరసగా రాసిపెట్టడం మేలనిపించింది. టెంప్లేట్ అంటే పేజీకి అచ్చు, క్యాష్ అంటే ఒకసారి తయారైనదాన్ని మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టుకోవడం.

నా చేతుల మీదుగా జరిగిన సంగతి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల ఉన్న ల్యాబుల్లో ఒకదానికి మేం రిపోర్టుల వెబ్‌సైటు చేశాం. పేజీ పైన ఉండే పట్టీని 10 నిమిషాలు క్యాష్ చేసింది నేనే. అప్పటికి అందులో ల్యాబ్ పేరు, ఫోన్ నంబరు, మెనూ తప్ప ఇంకేం లేవు. 6 నెలల తర్వాత టీంలో ఇంకొకరు అదే పట్టీలో "నమస్కారం" అంటూ రోగి పేరు, పక్కన కొత్తగా వచ్చిన పరీక్షల పేర్లు చేర్చారు. క్యాష్ ట్యాగ్ 40 లైన్ల పైన ఉంది, వాళ్ల కంట పడలేదు.

ఒక సోమవారం పొద్దున్న గాజువాక నుంచి ఒకావిడ ల్యాబ్ కౌంటర్‌కి ఫోన్ చేశారు. "నా థైరాయిడ్ రిపోర్టు కోసం తెరిస్తే ఎవరో మగాయన పేరూ, ఆయన టెస్టులూ వస్తున్నాయి బాబూ." ఆ టెస్టుల్లో ఒకటి, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోవడానికి జంకేది.

కింద ఆదేశాల పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాశాను. మీ కోడ్‌లో వెతికేటప్పుడు వాటి మామూలు స్పెల్లింగ్‌తో వెతకండి.

## 1. లీకయ్యేది ఏ క్యాషో ముందు తేల్చుకోండి

ఒక్క పేజీ మన సర్వర్ నుంచి చూసేవాళ్ల ఫోన్‌కి చేరేలోపు నాలుగు చోట్ల క్యాష్ ఉండొచ్చు.

కంపైల్ అయిన టెంప్లేట్ల క్యాష్ మొదటిది. టెంప్లేట్ ఫైలుని ప్రతిసారీ చదివి పార్స్ చెయ్యకుండా మెమరీలో ఉంచుకోవడమన్నమాట. పైథాన్ టెంప్లేట్ లైబ్రరీ జింజా మామూలుగా 400 టెంప్లేట్ల దాకా ఇలా దాచుకుంటుంది. ఇందులో ఉండేది అచ్చు మాత్రమే, దాంట్లో పోసిన వివరాలు ఉండవు. అయితే ఆ అచ్చుకే ఎవరైనా మనిషి వివరాలు అంటిస్తే ఇదీ లీకవుతుంది. అదెలాగో 5వ భాగంలో చెబుతాను.

రెండోది ముక్కల క్యాష్. టెంప్లేట్లో ఒక భాగాన్ని రెండర్ చేసి (అచ్చులో వివరాలు పోసి), వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని రెడిస్ (మెమరీలో డేటా ఉంచే సర్వర్) లాంటి చోట దాచడం. మా ల్యాబ్ పట్టీ ఇదే. మూడోది మొత్తం పేజీ క్యాష్: ఫ్రేంవర్క్‌లోనో, దాని ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లోనో, చూసేవాళ్లకి దగ్గర్లో పేజీల కాపీలు ఉంచే సర్వర్ల వల అయిన సీడీఎన్‌లోనో. నాలుగోది బ్రౌజర్.

ఏదో తెలుసుకోవడానికి ఫిర్యాదు చేసినవాళ్ల స్క్రీన్‌షాట్ చాలావరకు సాయపడుతుంది.

- పేజీ అంతా పరాయివాళ్లదే అయితే పేజీ క్యాష్‌ని అనుమానించండి.
- పేజీ మీదే, ఒక డబ్బా మాత్రం ఇంకొకరిది అయితే అది ముక్కల క్యాష్.
- నాలుగుసార్లు రీఫ్రెష్ చేస్తే ఒక్కసారే తప్పు వస్తుంటే, ఒక వర్కర్ (సర్వర్లో రిక్వెస్ట్‌లకి జవాబిచ్చే ప్రాసెస్‌లలో ఒకటి) మెమరీలో ఏదో ఇరుక్కుంది. గ్లోబల్ వేరియబుల్, లేదా ప్రాసెస్‌కి విడిగా ఉండే లోకల్ మెమరీ క్యాష్.
- లాగౌట్ అయ్యాక వెనక్కి బటన్ నొక్కితే పాత పేజీ వస్తుంటే బ్రౌజర్.

ఇంకో చిన్న పరీక్ష. యూఆర్ఎల్ చివర ప్రశ్నార్థకం పెట్టి నోటికొచ్చిన అంకె కలిపి తెరవండి. తప్పు మాయమైతే యూఆర్ఎల్‌ని బట్టి దాచే క్యాష్, అంటే పేజీ క్యాషో సీడీఎన్నో. అయినా తప్పు అలాగే ఉంటే లోపల ముక్కల్లో వెతకాలి, ఎందుకంటే ముక్క కీలో (దాచినదాన్ని మళ్లీ వెతికే పేరులో) సాధారణంగా యూఆర్ఎల్ ఉండదు. జవాబు హెడర్లలో "ఏజ్" కనబడితే ఆ జవాబు దారిలో ఏదో ఉమ్మడి క్యాష్‌లోంచి వచ్చిందని అర్థం.

## 2. చెయ్యి పెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఈ లీకు మీ ల్యాప్‌టాప్‌లో కనబడకపోవడానికి కారణం ఉంది. అక్కడ ఒకే ప్రాసెస్, ఒకే లాగిన్, చాలాసార్లు క్యాష్ ఆపేసి ఉంటుంది. ముందు ప్రొడక్షన్‌లాంటి (జనం వాడే అసలు సైటులాంటి) చోటు కావాలి, దాన్నే స్టేజింగ్ అంటాం.

☐ స్టేజింగ్‌లో డీబగ్ ఆపి, ప్రొడక్షన్‌లో ఎన్ని వర్కర్లుంటే అన్ని పెట్టండి.
☐ ప్రొడక్షన్‌లో ఏ క్యాష్ సర్వర్ ఉందో ఇక్కడా అదే. ఉత్తుత్తి క్యాష్, లోకల్ మెమరీ క్యాష్ వద్దు.
☐ రెండు పరీక్ష ఖాతాలు. వాటి పేర్లు సైటులో ఇంకెక్కడా రాని పదాలుగా పెట్టండి. నేను ఒకదానికి "బొబ్బర్లు", రెండోదానికి "ఉలవలు" అని పెడతాను. హెచ్‌టీఎంఎల్‌లో ఆ పదం వెతికితే చాలు, లీకు దొరుకుతుంది.
☐ మూడో ఖాతా సిబ్బందిది, ఎక్కువ అనుమతులున్నది.
☐ టెంప్లేట్ ఫోల్డర్లో "క్యాష్" అనే పదం ఎక్కడెక్కడ ఉందో వెతికి జాబితా రాసుకోండి. వ్యూలలో (రిక్వెస్ట్‌కి జవాబు తయారుచేసే ఫంక్షన్లలో) డెకరేటర్లు (ఫంక్షన్ పైన పెట్టే ఆదేశాలు), ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్, సీడీఎన్ రూల్స్ కూడా అందులో చేరాలి.

## 3. లీకు ఇప్పుడే నడుస్తుంటే: ముందు ఆపండి

కారణం తర్వాత వెతకొచ్చు. ఆపడంలో మాత్రం వరస తప్పకూడదు.

మొదట, ఏ ముక్క లీకవుతోందో దాని క్యాష్ ట్యాగ్ తీసేసి డెప్లాయ్ చెయ్యండి. ఏ ముక్కో తేలకపోతే ముక్కల క్యాష్ మొత్తం ఆపండి. పేజీ నెమ్మదించినా ఫరవాలేదు.

తర్వాత, పాత ముక్కలు మళ్లీ బయటికి రాకుండా కీ ముందు వచ్చే ప్రిఫిక్స్ మార్చండి. పైథాన్ వెబ్ ఫ్రేంవర్క్ జాంగోలో దీనికి "కీ ప్రిఫిక్స్", "వెర్షన్" అనే సెట్టింగులున్నాయి. ప్రిఫిక్స్ మారితే పాతవి రెడిస్‌లో ఉన్నా ఎవరూ వాటిని అడగరు, గడువు తీరాక అవే పోతాయి.

కంగారులో అందరూ చేసేది "ఫ్లష్ ఆల్", అంటే రెడిస్‌లో ఉన్నదంతా తుడిచెయ్యడం. దయచేసి చెయ్యకండి. సెషన్లు (ఎవరు లాగిన్ అయి ఉన్నారో గుర్తుంచుకునే రికార్డులు) కూడా అదే రెడిస్‌లో ఉంటే సైటులో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా లాగౌట్ అవుతారు. ఇంకో నష్టం ఇంతకన్నా పెద్దది: ఎవరి వివరాలు దాచి ఉన్నాయో చూపించే ఆధారం పోతుంది. ముందుగా "స్కాన్" ఆదేశంతో కీలు, వాటి మిగిలిన గడువు, లోపలున్న హెచ్‌టీఎంఎల్ ఒక భద్రమైన ఫైలులోకి తీసిపెట్టుకోండి. "కీస్" ఆదేశం వాడితే అది ముగిసేదాకా రెడిస్ ఇంకో పని చెయ్యదు, రద్దీ వేళ సైటు నిలిచిపోతుంది.

జాంగో వాడేవాళ్లు ఇప్పుడే చేసుకోదగిన పని ఒకటుంది. టెంప్లేట్‌లోని క్యాష్ ట్యాగ్ ముందుగా "టెంప్లేట్ ఫ్రాగ్మెంట్స్" అనే పేరున్న క్యాష్ ఉందేమో చూస్తుంది, లేకపోతేనే డిఫాల్ట్‌కి వెళ్తుంది. సెట్టింగుల్లో ఆ పేరుతో విడిగా ఒకటి పెట్టుకుంటే, ఆపద వేళ సెషన్ల జోలికి పోకుండా ముక్కల్ని మాత్రమే వదిలించుకోవచ్చు.

సీడీఎన్ ఉంటే అక్కడా పర్జ్ చెయ్యండి, అంటే దాచిన కాపీలు తుడిచెయ్యండి. సర్వర్లో సరిచేసి సీడీఎన్‌ని మర్చిపోతే లీకు అలాగే సాగుతుంది.

ఆఖరుది, చెప్పాల్సినవాళ్లకి చెప్పడం. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీకు మన దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు వాళ్లకి తెలపాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రతా చర్యలు తీసుకోనందుకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. కాబట్టి ఎన్నింటికి తెలిసింది, ఎన్నింటికి ఆపారు, ఎంతమందికి కనబడి ఉండొచ్చు అన్నది నిమిషాలతో సహా రాసుకోండి. ఎవరి వివరాలు బయటపడ్డాయో వాళ్లకి మనమే ముందు ఫోన్ చెయ్యాలి. మేం ఆ మగాయనకి అదే రోజు మధ్యాహ్నం చేశాం. ఆ ఫోన్ నేనే చేశాను.

## 4. కీ రాయడం: అసలు పని ఇక్కడే

క్యాష్ అంటే తాళాలున్న అరలు. కీ ఒకటైతే అర ఒకటే. నేను పాటించే సూత్రం ఇది: ముక్క ఏమేం చదువుతుందో అదంతా కీలో ఉండాలి. కీలో పెట్టలేనిది ముక్కలో ఉండకూడదు.

4.1 కాగితం మీద రాయండి. క్యాష్ ట్యాగ్ మొదలు నుంచి చివరిదాకా టెంప్లేట్ ప్రింట్ తీసుకోండి. అందులో వాడిన ప్రతి వేరియబుల్ కింద గీత గీయండి. ఇన్‌క్లూడ్ చేసిన ఫైళ్లు, మనం రాసిన ట్యాగులు, ఫిల్టర్లు కూడా తెరిచి చూడాలి. రోగి పేరు ఎక్కువసార్లు రెండు మూడు ఇన్‌క్లూడ్‌ల లోపల ఉంటుంది. మా పట్టీకి ఇలా చేస్తే 7 గీతలు పడ్డాయి: ల్యాబ్ పేరు, మెనూ, భాష, రోగి పేరు, పరీక్షల పేర్లు, సిబ్బందికి మాత్రమే కనబడే బటన్, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య విలువ). కీలో ఉన్నది "పట్టీ" అన్న పదం ఒక్కటే.

4.2 ఎవరు చూస్తున్నారు, ఎవరిది చూస్తున్నారు. ఇవి రెండు వేరు ప్రశ్నలు. మన ఇళ్లల్లో ఒక్క ఫోన్ నంబరు మీదే నాయనమ్మ, నాన్న, పిల్లల రిపోర్టులన్నీ ఉంటాయి. ఫోన్ నంబరుని కీగా పెడితే నాయనమ్మ షుగర్ రిపోర్టు మనవడి పేజీలో వస్తుంది. పేరు పెట్టినా అంతే, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ల్యాబ్‌లో పదిమంది ఉంటారు. కాబట్టి లాగిన్ అయినవాళ్ల ఐడీ ఒకటి, రిపోర్టు ఎవరిదో ఆ రోగి ఐడీ ఒకటి, రెండూ పెట్టండి.

4.3 అనుమతి కూడా చదివేదే. టెంప్లేట్లో "సిబ్బంది అయితే ఇది చూపించు" అనే షరతు ఉంటే, ఆ షరతు ఫలితం కీలో ఉండాలి. లేకపోతే ముందుగా సిబ్బంది తెరిచిన పేజీ రోగికి దొరుకుతుంది.

4.4 మధ్యలో గుర్తు పెట్టండి. ఐడీలని అలాగే పక్కపక్కన అంటిస్తే యూజర్ 1, రోగి 23 కలిసి 123 అవుతుంది. యూజర్ 12, రోగి 3 కూడా 123 అవుతుంది. మధ్యలో కోలన్ పెట్టి, ప్రతి అంకె ముందూ అదేమిటో పేరు రాయండి: "యూజర్:1:రోగి:23".

4.5 ఖాళీ కీ. ఈ తప్పు చాలామంది అనుభవజ్ఞులకి కూడా తెలియదు. జాంగో క్యాష్ ట్యాగ్‌లో యూజర్ ఐడీ రాశారనుకోండి. కాంటెక్స్ట్‌లో (టెంప్లేట్‌కి ఇచ్చిన వివరాల్లో) ఆ వేరియబుల్ లేకపోయినా, అక్షరం తప్పు పడినా అది ఎర్రర్ ఇవ్వదు. ఖాళీ విలువగా తీసుకుని కీ కట్టేస్తుంది. అంటే అందరికీ ఒకే కీ. రిక్వెస్ట్ పంపకుండా టెంప్లేట్‌ని విడిగా రెండర్ చేసిన చోట, ఉదాహరణకి ఈమెయిల్ తయారుచేసే చోట, సరిగ్గా ఇదే అవుతుంది. కోడ్ చూస్తే అంతా సరిగానే కనబడుతుంది! అందుకని కీని వ్యూలోనే కట్టి, ఏ భాగమైనా ఖాళీగా ఉంటే అక్కడే ఎర్రర్ లేపి, తయారైన కీని టెంప్లేట్‌కి ఇవ్వండి.

4.6 పాతబడిన అనుమతి. కీ సరిగ్గానే ఉంది, అయినా లీకైంది అని చెప్పేవాళ్లది ఎక్కువగా ఈ కేసు. రోగి తన రిపోర్టులు చూడమని ఒక డాక్టరుకి అనుమతి ఇచ్చారు, మర్నాడు వెనక్కి తీసుకున్నారు. కీలో డాక్టర్ ఐడీ, రోగి ఐడీ రెండూ ఉన్నాయి. కానీ ముక్క గడువు 24 గంటలు, కాబట్టి అది తీరేదాకా ఆ డాక్టరుకి రిపోర్టు కనబడుతూనే ఉంటుంది. అనుమతి చూసే పని క్యాష్ బయట, ప్రతి రిక్వెస్ట్‌లో జరగాలి. అనుమతి ఉందని తేలాకే క్యాష్‌ని అడగాలి.

4.7 తుడవడం కాదు, వెర్షన్. రిపోర్టు సరిదిద్దినప్పుడు క్యాష్ తుడిచేస్తే సరిపోతుందనుకుంటాం. ట్రాన్సాక్షన్ కమిట్ కాకముందే (మార్పు డేటాబేస్‌లో ఖాయం కాకముందే) తుడిస్తే, ఆ సందులో వచ్చిన ఇంకో రిక్వెస్ట్ డేటాబేస్‌లోని పాత విలువ చదివి మళ్లీ దాచేస్తుంది. జాంగోలో "ఆన్ కమిట్" వాడి కమిట్ తర్వాత తుడవడం కొంత మెరుగు. అప్పుడు కూడా, కమిట్‌కి ముందు చదివి, తుడిచాక దాచే రిక్వెస్ట్ ఒకటి ఉండొచ్చు. రికార్డు ఆఖరుసారి మారిన సమయాన్నో, మార్పు జరిగినప్పుడల్లా పెరిగే అంకెనో కీలో చేర్చండి. రికార్డు మారితే కీ మారుతుంది, పాత ముక్కని ఎవరూ అడగరు.

4.8 అసలు క్యాష్ కావాలా? జాబితా అంతా రాశాక కీలో యూజర్ ఐడీ తప్పదని తేలితే ఒకసారి ఆగి కొలవండి. మనిషికో ముక్క అంటే ఆ ముక్క రెండోసారి పనికొచ్చేది అదే మనిషి మళ్లీ వస్తేనే. రిపోర్టు చూసుకుని వెళ్లిపోయేవాళ్ల విషయంలో అది చాలా తక్కువ. మా పట్టీలో రోగి పేరు లాగిన్ చూసేటప్పుడే డేటాబేస్ నుంచి వచ్చేస్తోంది. క్యాష్ వల్ల మిగిలింది దాదాపు ఏం లేదు. మెనూని ఒక్కదాన్నే క్యాష్‌లో ఉంచి, పేరూ పరీక్షలూ బయటికి తెచ్చేశాం.

## 5. లైబ్రరీని బట్టి జాగ్రత్తలు

మీరు వాడేది మాత్రం చదివి ముందుకి వెళ్లండి.

జాంగో. వ్యూ మీద "క్యాష్ పేజ్" డెకరేటర్ పెట్టినచోట ఎక్కువ ప్రమాదం. జాంగో పేజీ క్యాష్ కీని యూఆర్ఎల్‌తోనూ, జవాబు వేటిని బట్టి మారుతుందో చెప్పే "వేరీ" హెడర్లో పేర్కొన్న హెడర్లతోనూ కడుతుంది. సెషన్ మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్, జవాబు దాటివెళ్లే కోడ్ పొర) ఆ "వేరీ" లో కుకీని చేర్చేది జవాబు బయటికి వెళ్లే దారిలో. డెకరేటర్ అంతకన్నా లోపల ఉంటుంది కాబట్టి కుకీ సంగతి తెలియకుండానే దాచేస్తుంది. లాగిన్ అయినవాళ్ల పేజీకి ఈ డెకరేటర్ వద్దు. తప్పదంటే దాని కింద "వేరీ ఆన్ కుకీ" డెకరేటర్ పెట్టండి. సైటు మొత్తానికి మిడిల్‌వేర్‌తో క్యాష్ చేస్తుంటే "అప్‌డేట్ క్యాష్" జాబితాలో అన్నిటికన్నా పైన, "ఫెచ్ ఫ్రం క్యాష్" అన్నిటికన్నా కింద ఉండాలి.

మీరే టెంప్లేట్ ట్యాగ్ రాసుంటే రెండర్ పద్ధతిలో "సెల్ఫ్" మీద ఏదీ దాచకండి. టెంప్లేట్ ఒకసారి పార్స్ అయ్యాక అదే నోడ్‌ని ఎన్నో రిక్వెస్ట్‌లు, ఒక్కోసారి ఒకేసారి రెండు థ్రెడ్లు వాడతాయి. మొదటివాళ్ల పేరు రెండోవాళ్లకి వెళ్తుంది. ఇందుకోసమే "రెండర్ కాంటెక్స్ట్" ఉంది, అక్కడ దాచండి.

జింజా. టెంప్లేట్ తెచ్చుకునేటప్పుడు "గ్లోబల్స్" పేరుతో యూజర్‌ని పంపకండి. టెంప్లేట్ క్యాష్‌లో ఉండిపోతుంది, దాంతోపాటు ఆ గ్లోబల్స్ కూడా. 3.0 వెర్షన్‌కి ముందు రెండోసారి పంపినవి పట్టించుకునేదే కాదు. 3.0 నుంచి కొత్తవి చేరుస్తుంది, అయినా పాతవి పోవు. యూజర్‌ని రెండర్ చేసేటప్పుడే ఇవ్వాలి.

ఇంపోర్ట్ దగ్గర ఇంకో ముల్లు ఉంది. "విత్ కాంటెక్స్ట్" అని రాయకుండా ఇంపోర్ట్ చేసిన ఫైలుని జింజా ఒకసారి నడిపి ఫలితాన్ని అట్టిపెట్టుకుంటుంది. ఆ ఫైలులో మాక్రో బయట, పై వరసలో, సెషన్‌లోని పేరుని ఒక వేరియబుల్లో పెట్టారనుకోండి. సర్వర్ లేచాక మొదట వచ్చినవాళ్ల పేరే ఆ వర్కర్ ఆగేదాకా అందరికీ వస్తుంది. పేరుని మాక్రోకి ఆర్గ్యుమెంట్‌గా పంపండి.

ఫ్లాస్క్. వెర్షన్ చూసుకోండి. సెషన్ కుకీని పునరుద్ధరించే సందర్భంలో "వేరీ: కుకీ" హెడర్ పెట్టకపోవడం వల్ల ఒకరి సెషన్ కుకీనే ముందున్న ప్రాక్సీ దాచి ఇంకొకరికి ఇచ్చే అవకాశం ఉండేది. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2023-30861 అదే. 2.2.5, 2.3.2 వెర్షన్లలో సరిచేశారు.

ఎక్స్‌ప్రెస్. "యాప్ లోకల్స్" సర్వర్ నడుస్తున్నంతసేపు ఉంటాయి, అందరికీ ఒకటే. "రెస్ లోకల్స్" ఆ ఒక్క రిక్వెస్ట్‌కి. లాగిన్ అయినవాళ్ల పేరు మొదటిదాంట్లో పెట్టిన కోడ్ నేను మూడు చోట్ల చూశాను. ఒక్కరే పరీక్షిస్తే ఎప్పటికీ దొరకదు.

స్మార్టీ. క్యాషింగ్ ఆన్ చేసి "క్యాష్ ఐడీ" ఇవ్వకపోతే టెంప్లేట్‌కి ఒకే కాపీ ఉంటుంది, మామూలు గడువు 3600 సెకన్లు. గంటసేపు ఒకరి పేజీ అందరికీ. మనిషికి సంబంధించిన లైన్లని "నోక్యాష్" లో పెట్టండి, లేదా క్యాష్ ఐడీ ఇవ్వండి.

రైల్స్. రికార్డు ఇస్తే కీలో దాని మార్పు సమయం, టెంప్లేట్ డైజెస్ట్ వాటంతట అవే చేరతాయి. చూస్తున్నది ఎవరో మాత్రం చేరదు. హెల్పర్ లోపల "కరెంట్ యూజర్" వాడితే అది టెంప్లేట్లో కనబడదు, కాబట్టి హెల్పర్లు కూడా తెరిచి చూడండి.

ఏ లైబ్రరీ అయినా సరే, ఫారం ఉన్న ముక్కని దాచకండి. సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ కూడా దాంతో దాగిపోతుంది. "ఫారం పంపితే 403 వస్తోంది" అనే (403 అంటే అనుమతి లేదనే ఎర్రర్) ఫిర్యాదులు ఒక్కసారిగా పెరిగితే ముక్కల క్యాష్‌ని అనుమానించండి. మాకు ఆ సోమవారానికి వారం ముందే అలాంటివి రెండు వచ్చాయి, మేం పోల్చుకోలేకపోయాం.

## 6. సర్వర్ బయట ఉన్న క్యాష్‌లు

ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ క్యాష్ మామూలు కీలో స్కీం, ప్రాక్సీ హోస్టు, యూఆర్ఎల్ ఉంటాయి. కుకీ ఉండదు. అయినా అన్నిసార్లూ లీకవదు, ఎందుకంటే "సెట్-కుకీ" ఉన్న జవాబుల్ని, "ప్రైవేట్" లేదా "నో-స్టోర్" అన్న జవాబుల్ని అది దాచదు. క్యాష్ పనిచెయ్యట్లేదని ఎవరో "ప్రాక్సీ ఇగ్నోర్ హెడర్స్" లో "సెట్-కుకీ", "క్యాష్-కంట్రోల్" హెడర్ల పేర్లు రాస్తారు. అప్పుడు ఆ కాపలా పోతుంది. మీ కాన్ఫిగ్‌లో ఆ లైను ఉందేమో ఇప్పుడే చూడండి.

లాగిన్ అయినవాళ్లకి వెళ్లే ప్రతి జవాబులో "క్యాష్-కంట్రోల్" హెడర్ పెట్టి "ప్రైవేట్, నో-స్టోర్" అని రాయండి. వ్యూలో ఒక్కొక్కటిగా రాసేకంటే మిడిల్‌వేర్‌లో ఒకేచోట పెడితే మర్చిపోయే అవకాశం ఉండదు. జగదాంబ దగ్గర నెట్ సెంటర్లో రిపోర్టు ప్రింట్ తీసుకుని వెళ్లినవాళ్ల పేజీ, తర్వాత కూర్చున్నవాళ్లు వెనక్కి బటన్ నొక్కితే రాకూడదు కదా.

సీడీఎన్ రూల్స్‌ని ఒత్తిడిలో మార్చకండి. 2015 డిసెంబర్ 25న స్టీం గేమ్ స్టోర్ మీద దాడి జరుగుతుండగా హడావిడిగా మార్చిన క్యాష్ రూల్ తప్పి, సుమారు 34,000 మంది పేజీలు పరాయివాళ్లకి కనబడే పరిస్థితి వచ్చింది. రూల్ మారిస్తే కింద చెప్పే పరీక్ష అక్కడికక్కడే చెయ్యాల్సిందే.

## 7. ఇద్దరి పరీక్ష

క్యాష్ ఖాళీగా ఉండగా మొదలుపెట్టండి. రెండు వేరువేరు బ్రౌజర్లు తెరవండి, ఒకే బ్రౌజర్లో రెండు ట్యాబ్‌లు పనికిరావు.

1. బొబ్బర్లు లాగిన్ అయి ప్రతి పేజీ తెరవాలి. క్యాష్ నిండుతుంది.
2. ఉలవలు లాగిన్ అయి అవే పేజీలు తెరవాలి. పేజీ సోర్స్‌లో "బొబ్బర్లు" అని వెతకండి. కంటికి కనబడని చోట, దాచిన ఫీల్డుల్లో, జావాస్క్రిప్ట్ వేరియబుల్స్‌లో కూడా ఉండొచ్చు.
3. క్యాష్ ఖాళీ చేసి వరస తిరగెయ్యండి. మొదట ఉలవలు, తర్వాత బొబ్బర్లు. ఈసారి మొదట సిబ్బంది, తర్వాత రోగి కూడా.
4. లాగిన్ లేకుండా అవే పేజీలు తెరవండి. రెండు పేర్లలో ఏదీ రాకూడదు.
5. బొబ్బర్లు ఉలవలుకి ఇచ్చిన అనుమతి తీసెయ్యండి. అదే నిమిషంలో ఉలవలు ఖాతా నుంచి తెరవండి. క్యాష్ గడువు తీరేదాకా ఆగకండి, ఆగితే పరీక్ష వృథా.
6. ఇద్దరి తరఫునా ఒకేసారి వందేసి రిక్వెస్ట్‌లు పంపండి. థ్రెడ్ల మధ్య కలిసిపోయే తప్పులు ఇందులోనే పడతాయి.

దీన్నే ఆటోమేటిక్ టెస్ట్‌గా రాసిపెట్టండి. టెస్ట్ సెట్టింగుల్లో క్యాష్ ఆపేసి ఉంటే ఈ పరీక్ష ఎప్పుడూ పాసవుతుంది. దీనికి మాత్రం నిజమైన క్యాష్ నడవాలి. టెస్ట్ నిజంగా పనిచేస్తోందో లేదో చూడటానికి కీలోంచి రోగి ఐడీ ఒకసారి తీసేసి నడపండి. ఫెయిల్ కావాలి. కాకపోతే సరిచెయ్యాల్సింది టెస్ట్‌ని.

## 8. తరచూ చేసే తప్పు సవరణలు

గడువు 10 నిమిషాల నుంచి 30 సెకన్లకి తగ్గించడం. లీకు అలాగే ఉంటుంది, పట్టుకోవడం కష్టమవుతుంది.

సెషన్ ఐడీని కీలో పెట్టడం. లీకు ఆగుతుంది, కానీ రెడిస్ చూడగలిగే ప్రతివాళ్ల చేతికీ సెషన్ ఐడీలు వెళ్తాయి. యూజర్ ఐడీ వాడండి.

రెండు సైట్లకి ఒకే రెడిస్ ఇచ్చి ప్రిఫిక్స్ మర్చిపోవడం. స్టేజింగ్ కూడా ప్రొడక్షన్ రెడిస్‌నే వాడుతున్న చోటు నేను చూశాను. పరీక్ష పేర్లు అసలు సైటులో రావడం మొదలయ్యాకే తెలిసింది. సైటుకో ప్రిఫిక్స్, వీలైతే సైటుకో రెడిస్.

పేరుని జావాస్క్రిప్ట్‌తో విడిగా తెప్పించడం మంచి పద్ధతే. ఆ చిన్న జవాబుకి కూడా "నో-స్టోర్" పెట్టాలన్నది మర్చిపోతే, లీకు పేజీలోంచి అక్కడికి మారుతుంది, అంతే.

## 9. డెప్లాయ్ రోజు

☐ కొత్త ప్రిఫిక్స్ పెట్టారు. డెప్లాయ్ సాగుతుండగా పాత వర్కర్లు, కొత్త వర్కర్లు కలిసి నడుస్తాయి, రెండిటికీ ఒకే ప్రిఫిక్స్ ఉండకూడదు.
☐ సీడీఎన్ పర్జ్ డెప్లాయ్ పూర్తయ్యాక చేశారు, ముందు కాదు.
☐ ప్రతి క్యాష్ ట్యాగ్ పైన ఒక కామెంట్: "ఇందులో ఇవి మాత్రమే ఉండొచ్చు" అని జాబితాతో. ముగింపు ట్యాగ్ దగ్గర కూడా. మా టెంప్లేట్లో ఆ 40 లైన్ల దూరమే కొంప ముంచింది.
☐ కోడ్ రివ్యూలో క్యాష్ ట్యాగ్ లోపలి లైను మారితే ఇంకొకరు తప్పనిసరిగా చూడాలని నియమం పెట్టారు.
☐ జవాబు పంపే ముందు, పేజీలోని రోగి ఐడీ, ఆ రిక్వెస్ట్ అడిగిన రోగి ఐడీ ఒకటేనా అని చూసే కాపలా మిడిల్‌వేర్‌లో ఉంది. తేడా ఉంటే పేజీ పంపకుండా ఎర్రర్ ఇచ్చి లాగ్‌లో రాయాలి.
☐ ల్యాబ్ కౌంటర్లో కూర్చునేవాళ్లకి చెప్పారు: "ఇది నాది కాదు" అని ఎవరైనా ఫోన్ చేస్తే రీఫ్రెష్ చెయ్యమనకుండా, స్క్రీన్‌షాట్ అడిగి, టైము రాసుకుని, వెంటనే మనకి చెప్పాలి.
☐ మర్నాడు పొద్దున్న 7 గంటలకి, పరగడుపు శాంపిళ్ల రద్దీ మొదలయ్యేసరికి, ఒకరు లాగ్ ముందు కూర్చున్నారు. ఇద్దరి పరీక్ష అసలు సైటు మీద మళ్లీ ఒకసారి, ఆ రద్దీలోనే.